మామ జారిన జానెడు దూరం

మొన్న ఎండాకాలం సెలవల్లో మా మనవరాలు నన్ను ఐసు మీద జారే చోటికి తీసుకెళ్ళింది. హైదరాబాదులో అంగళ్ళన్నీ ఒకే కప్పు కింద ఉండే పెద్ద భవనాలున్నాయి కదా, అట్లాంటిదాంట్లో పై అంతస్తులో ఉంది అది. బయట రోళ్ళు పగిలే ఎండ. లోపల నాకు స్వెట్టరు తొడిగి, చెవులకి మఫ్లరు చుట్టి, ఐసు చుట్టూ ఉన్న గట్టు పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, "కదలకు అమ్మమ్మా, పడతావు" అని ఆజ్ఞ వేసి పోయింది. ఎనభై దాటినదాన్ని, నేనెక్కడికి కదులుతాను? అక్కడే కూర్చుని తడిసిన మేజోళ్ళ వాసనా, పక్క అంగట్లో వేయించే పేలాల వాసనా పీలుస్తూ, జారేవాళ్ళనీ పడేవాళ్ళనీ చూస్తున్నాను. పడినవాళ్ళు ఏడవడం లేదు. పకపకా నవ్వుతున్నారు.

కొంతసేపటికి గంట కొట్టి అందరినీ బయటికి పంపేశారు. ఒక మనిషి బండి లాంటి యంత్రం మీద కూర్చుని లోపలికొచ్చాడు. ఐసు మీద గీతలన్నీ గీకి, వెనక సన్నగా నీళ్ళు వదులుకుంటూ గుండ్రంగా తిరిగాడు. నీళ్ళు పడ్డ మేరా నేల నున్నగా తేరింది. అతన్ని ఎవరూ చూడలేదు, అందరూ తిండి కొనుక్కోవడానికి పోయారు. నేను మాత్రం రెప్ప వెయ్యకుండా చూశాను. ఆ పని చేసి వచ్చిన మనిషి ఒకడు మా వాళ్ళలో ఉండేవాడు. మా అమ్మకి తమ్ముడు, నాకు మామ. మా అక్కకి మొగుడు కావలసినవాడు.

మాది ఉదయగిరి. కొండ కిందే ఇల్లు. జారడమంటే మాకు తెలిసింది కొండ దారిలో ఉన్న జారుడుబండ ఒక్కటే. ఎన్ని తరాల పిల్లలు జారారో, ఆ బండ నడుమ భాగం నున్నగా అరిగిపోయి ఉండేది. తాటిమట్ట దొరికితే తాటిమట్ట, లేకపోతే ఇన్ని ఆముదపాకులు కింద వేసుకుని జారేవాళ్ళం. ఆకులు సగంలోనే చిరిగిపోయేవి, ఆ తర్వాత చిరిగేది పావడా. దిగేటప్పుడు కలేకాయలు కోసుకుని ఒళ్ళో పోసుకుని, సాయిబులు గరిటెలు చెక్కే వీధిలోంచి ఇంటికొచ్చేవాళ్ళం. ఆ వీధంతా పచ్చి చెక్క వాసన. పావడా చిరిగిందని అమ్మకి తెలియకుండా మా అవ్వ కుట్టిపెట్టేది. అవ్వ అంటే అమ్మకి అమ్మ, మా ఇంటికి రెండిళ్ళవతల ఒక్కతే ఉండేది. తిడుతూ కుట్టేది, కుడుతూ సజ్జరొట్టె మీద వెన్నపూస వేసి పెట్టేది.

మామ ఆ అవ్వకి ఒక్క కొడుకు. కరువొచ్చిన ఏడు, మీసం కూడా రాని వయసులో, మిలిటరీ వాళ్ళకి మనుషుల్ని తీసుకుపోయే మేస్త్రీ వెంట ఉత్తరాదికి పోయాడు. ఇక రాడనే అనుకున్నారు. దొరలు దేశం వదిలిపోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం బస్సు దిగి, రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని, అంత ఎండలో నల్ల కోటు వేసుకుని వచ్చాడు. అవ్వ వాకిట్లో కూలబడి శోకాలు పెట్టింది. చచ్చిపోయినప్పుడు ఏడవాల్సిన ఏడుపు బతికొచ్చినప్పుడు ఏడుస్తుందేమిటే అని వీధివాళ్ళు నవ్వారు.

రేకు పెట్టెలో ఉన్నవి రెండు చొక్కాలూ, ఒక దుప్పటీ, ఒక జత బూట్లూ. ఆ బూట్ల అడుగున, మడమ నుంచి వేళ్ళ దాకా, నిలువుగా ఇనప కత్తి ఉంది. ఊరెళ్ళిపోతూ ఒక దొర పారేసినవట. అవ్వ ఒకటి చేతిలోకి తీసుకుని, వేలితో పదును చూసి, "ఇది కత్తిపీట గదరా, దీన్ని కాళ్ళకెందుకు కట్టుకుంటారు?" అంది. ఆ మాటకి మామ నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

ఇక రోజూ సాయంత్రం అవ్వ అరుగు మీద మామ కథలు. సిమ్లా అని ఒక కొండ ఊరుందట. అక్కడ చలికాలంలో, చుట్టూ గట్టు కట్టిన చదును నేల మీద రాత్రంతా నీళ్ళు చల్లుతారట. పలచగా చల్లాలి, అది గట్టిపడ్డాక మళ్ళీ పలచగా చల్లాలి. ఆత్రపడి ఒక్కసారిగా పోస్తే గుంటలు పడతాయి. తెల్లారేసరికి నేలంతా రాయి. ఆ రాయి మీద దొరలూ దొరసానులూ ఈ బూట్లు వేసుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, బ్యాండు వాయిస్తూ ఉంటే తేలిపోతారట. పడితే నవ్వుతారట. "వాళ్ళకి పడటం కూడా ఆటే పాపా" అనేవాడు మామ. మా ఊళ్ళో పడితే మోకాలికి పసుపు, వీపు మీద దెబ్బ. పడి నవ్వే మనుషులుంటారంటే నాకు భలే ఆశ్చర్యంగా ఉండేది.

మా అక్క తలుపు చాటున కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతూ వినేది. అక్కకి మామ అని పుట్టినప్పుడే అనుకున్నారు. పెద్దమనిషి అయ్యాక, మొగుడు కాబోయేవాడి ఎదటికి రాకూడదు, మాట్లాడకూడదు. మామే అయినా సరే. అందుకని అక్క ప్రశ్నలన్నీ నా నోటిగుండా వచ్చేవి. "ఆడోళ్ళు కూడా జారతారా అని అడుగే" అని లోపలి నుంచి గుసగుస. నేను అరుగు మీదికొచ్చి అడిగేదాన్ని. మామ జవాబు నాకు కాకుండా తలుపుకి చెప్పేవాడు. మధ్యలో నేను నా సొంతానివి కూడా కలిపేదాన్ని, దొరసానులు ఏం తింటారు, వాళ్ళకి అక్కడ ఆకలేస్తే ఎవరు పెడతారు అని. అక్క తలుపు సందులోంచి నా జడ పట్టి లాగేది. ఇద్దరిదీ ఒకే మొఖం అనేవాళ్ళు ఊళ్ళో. కాస్త పొడుగు తేడా, అంతే.

ఒకరోజు అక్క, "ఆయన జారినాడా అని అడుగు" అంది.

అడిగాను. మామ బూటు అడుగున కత్తిని చొక్కా కొసతో తుడిచి, తలుపు వైపు చూసి, "జారకుండా ఎట్టుంటాను?" అన్నాడు. లోపల చేటలో బియ్యం ఎగరెయ్యడం ఆగిపోయింది.

అట్లాంటి కథలు విన్న పిల్లలు ఊరుకుంటారా? ఆ మార్గశిరంలో నేనూ, పక్కింటి పిల్లలూ కలిసి, పొద్దు గుంకాక అవ్వ వాకిట్లో కాగులో నీళ్ళన్నీ మామ చెప్పినట్టే పలచగా, మళ్ళీ పలచగా చల్లి పోయి పడుకున్నాం. తెల్లారి లేచి చూస్తే మోకాటి లోతు బురద, దాంట్లో అవ్వ బర్రెదూడ. నీళ్ళు కొండ కింద బావి నుంచి మోసుకురావాలి, ఊరికే వచ్చేవి కావు. అవ్వ చీపురు తిరగేసి, "నీళ్ళు పారబొయ్యడానికి ఈడేమన్నా పెన్న పారతా ఉండాదా?" అని వీధి చివరి దాకా తరిమింది. మామ కూడా తిట్లు తిన్నాడు, పిల్లలకి పనికిమాలిన విద్యలు నేర్పినందుకు. తిట్లు తింటూనే ఆ బురద దగ్గర గొంతుక్కూర్చుని, "చలి చాలలేదు పాపా, మీరు చల్లడం బాగానే చల్లినారు" అన్నాడు నాకు మాత్రమే వినపడేట్టు.

ఇదంతా వేడుకగా ఉన్నది తాంబూలాల మాట వచ్చే దాకానే. మా నాయన చింతపండూ ఆముదాలూ కొని నెల్లూరికి పంపే వ్యాపారం చేసేవాడు. మాట తక్కువ, పట్టు ఎక్కువ. అక్కకి పుట్టిన పిల్ల మీద తమ్ముడికి హక్కు అని మా వైపు ఆనవాయితీ. మామ కావాలన్నాక, పిల్లనివ్వనని ఏ బావా మొఖాన చెప్పకూడదు. చెప్తే ఆ ఇల్లాలికి పుట్టింటితో రాకపోకలు తెగిపోయినట్టే. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. వింజమూరులో చెరువు కింద మాగాణి ఉన్న ఇంటి నుంచి అక్కని అడుగుతున్నారన్న సంగతి కూడా తెలియదు.

పెద్దలు ఆకూ వక్కా పెట్టుకుని కూర్చున్న రోజున నాయన నిదానంగా మొదలుపెట్టాడు. నెల్లూరులో తను ఐసు చూశాడట. అరచేతిలో పెట్టుకుంటే కారిపోయేదాని మీద మనిషి నిలబడటమేమిటి, ఇనప కత్తులు కట్టుకుని పరిగెత్తడమేమిటి? పిల్లల్ని నవ్వించడానికి చెప్తున్నాడేమో అనుకుంటే ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. ఇన్నేళ్ళు ఎక్కడ ఏం చేశాడో ఎవరికి తెలుసు? మామ మొఖం ఎర్రబడింది. అందరి ముందూ నాయన తేల్చేశాడు.

"అబద్ధాలకోరు కాదని తెలిస్తే పిల్లనిస్తాను బామ్మర్దీ. ఆ ఐసేదో ఈడికి తీసుకొచ్చి, దాని మీద నిలబడి చూపించు."

"చూపిస్తా బావా" అన్నాడు మామ. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఐసు తయారుచెయ్యడం తెలిసినవాడే కాని, నడివేసవి కత్తిరి ఎండల్లో దాన్ని దాచడం ఎట్లాగో మామకి తెలియదు. ఆయన పనిచేసిన చోట అది కరిగేది కాదు కదా.

ఆత్మకూరులో సోడాకొట్టు ఒకటుండేది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ కొట్టువాడు నెల్లూరు నుంచి పొద్దున్నే వచ్చే బస్సులో ఐసు గడ్డలు తెప్పించేవాడు. మామ ముందు మనిషి చేత చెప్పి పంపించి, ఒక పెద్ద పలక తెప్పించే ఏర్పాటు చేసుకున్నాడు. బయలుదేరేటప్పుడు నాయన నన్ను కూడా వెంట పంపించాడు. ఏ గాజుపలకో తెచ్చి ఐసంటాడేమోనని నేను సాక్షి. "చిన్నపిల్ల అబద్ధం చెప్పదు" అన్నాడు నాయన పెద్దలతో. నాకు ఎంత గర్వమో! తలకి ఆముదం రాయించుకుని, రిబ్బను కట్టించుకుని బస్సెక్కాను. అక్క నా చేతిలో బెల్లపు ముక్క పెట్టి, "బాగా చూసిరా, అంతా చెప్పాల" అంది.

ఆ రాత్రి ఆత్మకూరులో మా అమ్మ పెద్దమ్మ ఇంట్లో పడుకుని, పొద్దున్నే సోడాకొట్టు వెనక పెరట్లోకి పోయాం. ఊక దులిపి, గోనెపట్టా విప్పితే ఐసు. నేనదే చూడటం. లోపల తెల్లగా నురగ ఉన్నట్టుంది, పైన పొగ. వేలు పెడితే కాలినట్టనిపించి వెనక్కి లాక్కున్నాను. మామ బూట్లు తొడుక్కున్నాడు. పలక రెండు కాళ్ళకీ సరిపోతుందో లేదో చూడాలన్నాడు. ఒక చెయ్యి గోడకి ఆనించి, ఇంకో చెయ్యి నా నెత్తిన పెట్టి, ఎక్కి నిలబడ్డాడు. ఐసు విరగలేదు, మామ బరువు మోసింది. తర్వాత మెల్లగా కుడి కాలు తోశాడు. సర్రుమని జారింది. ఎంత దూరం? జానెడు. పలక ఉన్నదే అంత. జారుతున్నంతసేపూ నా నెత్తి మీద ఆ చెయ్యి గజగజా వణికింది. జారుడుబండ మీద మొదటిసారి కూర్చున్న పిల్లల చేతులు అట్లాగే వణుకుతాయి, నాకు తెలుసు.

"మామా, నీకు రాదా?" అన్నాను. మామ దిగి, బూట్లు విప్పుకున్నాడు.

అవి బొగ్గుబస్సుల రోజులు. బస్సు వెనక నిలువెత్తు డ్రమ్ములో బొగ్గు మండుతూ ఉండేది. కండక్టరు గోనెమూట చూడగానే అడ్డం పడ్డాడు. నీళ్ళు కారి బెల్లం బుట్టలు తడిస్తే తనకి మాటొస్తుందన్నాడు. మామ ఎంత బతిమాలినా వినకుండా, మూటని బస్సు వెనక నిచ్చెనకి కట్టించాడు. పక్కనే మండుతున్న డ్రమ్ము. లోపల కూర్చున్న మామ నిమిషానికోసారి కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసేవాడు. రోడ్డు మట్టి మీద మా వెనకాలే తడి చార వస్తూ ఉంది. ఆ చార చూస్తూ కూర్చోవడం తప్ప మేం చెయ్యగలిగింది లేదు.

సగం దారిలో, ఎండిపోయిన వాగు దాటాక, బస్సు ఆగిపోయింది. డ్రైవరు కిందికి దూరాడు. మనుషులు దిగి తుమ్మచెట్ల కిందికి చేరారు. మామ పరిగెత్తి మూట విప్పుకొచ్చాడు. సగానికి సగం పోయింది. కోటు విప్పి దానికి చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, వంగి తన ఒంటి నీడ పట్టాడు. నిప్పులు చెరిగే ఎండలో మామ పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. అప్పుడు చెప్పాడు.

"నేను జారలేదు పాపా. నీళ్ళు చల్లేది నేను. తెల్లారితే మేము గట్టుకి బయట ఉండాల. లోపల కాలు పెడితే పనిలోంచి తీసేస్తారు."

"మరి జారినానని చెప్పినావే?"

"మీ అక్క అడిగింది గదా, కాదనలేకపోయినా. ముందు ఈ గడ్డ ఇల్లు చేరనీ. దానికి నేనే చెప్పుకుంటా."

బస్సు కదలలేదు. గాలి లేదు. చెట్ల కింద ఒక చిన్న వయసు తల్లి చంటిబిడ్డని ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. ఆత్మకూరు ఆస్పత్రిలో చూపించి తీసుకుపోతోందట. బిడ్డ ఒళ్ళు పెనం. ఉన్నట్టుండి బిడ్డ కళ్ళు తేలేసి, చేతులు బిగదీసింది. ఆ తల్లి కేక పెట్టలేదు. మా దగ్గరికి మోకాళ్ళ మీద వచ్చి, తడి కారుతున్న మూట వైపు చూసి, "అన్నా, ఆ చల్లటిది రవ్వంత బిడ్డ నెత్తిన పెట్టనీ" అంది.

మామ బూటు తీసి దాని కత్తితో ఐసు కొట్టి ఒక ముక్క ఇచ్చాడు. ఆమె కొంగులో చుట్టి బిడ్డ నుదుటి మీద పెట్టింది. అది కరిగిపోయింది. ఇంకో ముక్క. బిడ్డ పిడికిళ్ళు కొంచెం సడలాయి, మళ్ళీ బిగుసుకున్నాయి. ఇంకోటి. ఆ తర్వాత మామ కొట్టడం మానేసి, కోటుతో సహా మూటంతా ఆమె పక్కన పెట్టి విప్పేశాడు. తనే నీళ్ళు ముంచి బిడ్డ పాదాలు తుడవడం మొదలుపెట్టాడు. నా వైపు చూడలేదు. నేను ఏడ్చాను. వద్దనడానికి నోరు రాలేదు, ఇవ్వమనడానికీ రాలేదు. ఐసేమో మా ఎవరి మాటా వినకుండా పోతూనే ఉంది.

బస్సు బాగయ్యేసరికి పొద్దు వాలింది. ఆ తల్లి దారిలో ఒక పల్లె దగ్గర దిగిపోయింది. బిడ్డ అప్పటికి నిద్రపోతూ ఉంది. నిద్రే అయి ఉండాలని ఇప్పటికీ అనుకుంటాను. గోనెలో మిగిలింది ఒక నిమ్మకాయంత. మామ దాన్ని నా చేతిలో పెట్టి, "పట్టుకో, మీ అక్కకి చూపిద్దువు" అన్నాడు. ఈ చెయ్యి మొద్దుబారితే ఆ చెయ్యి, ఆ చెయ్యి మొద్దుబారితే ఈ చెయ్యి. పిడికిలి బిగిస్తే కరుగుతుంది, విప్పితే ఎండ తగులుతుంది. ఉదయగిరి కొండ కనపడేటప్పటికి గోళీ అంత ఉంది. ఊళ్ళోకి వచ్చేటప్పటికి తడి మాత్రం ఉంది.

మా ఇంటి ముందు ఊరు ఊరంతా ఉంది. గరిటెలు చెక్కే సాయిబులు కూడా పని ఆపి వచ్చారు. మామ గోనె కింద పెట్టాడు. తడి ఊక. ఎవరో నవ్వారు, ఆ నవ్వు అందరికీ పాకింది. నాయన నవ్వలేదు.

నేను జనంలోంచి దూరి నాయన ముందుకు పోయాను. నేను సాక్షిని కదా. ఐసు చూశానని చెప్పాను, మామ దాని మీద నిలబడ్డాడని చెప్పాను, జారాడని చెప్పాను, బస్సు సంగతీ బిడ్డ సంగతీ ఒకదాని మీద ఒకటి పడుతూ ఏడుస్తూ చెప్పాను. నాయన అంతా విన్నాడు. విని మామ వైపు తిరిగి, "పిల్లకి బాగా నేర్పించినావు" అన్నాడు.

బిడ్డ సంగతి మామ కూడా చెప్తాడేమో, ఔనంటాడేమో అని నేను ఆయన మొఖంలోకే చూస్తున్నాను. చెప్పలేదు. అప్పటికే ఒక అబద్ధం ఆడి ఉన్నాడు, దాంతో నిజం చెప్పే గొంతు పోయిందేమో. సోడాకొట్టువాణ్ణి పిలిపించండి అని ఒక పెద్దాయన అంటే, పెళ్ళి సంబంధానికి సోడాకొట్టోడా సాక్షి అన్నాడు నాయన. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మం పట్టుకుని నిలబడింది. తమ్ముడొక వైపు, మొగుడొక వైపు, ఏ వైపు అడుగేసినా తప్పే. అవ్వ ఒక్కతే నోరు చేసుకుంది.

"నమ్మబుద్ధి కానోడికి కొండ తెచ్చి ముందర పెట్టినా గులకరాయే అల్లుడా" అంది. అని, కొడుకు చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

నేను లోపలికి పరిగెత్తాను. అక్క తలుపు చాటునే ఉంది. అంతా వినే ఉంటుంది. అయినా నన్ను దగ్గరికి లాక్కుని, "ఎంత చల్లగా ఉండాది?" అని అడిగింది. అరచెయ్యి తీసి దాని చెంపకి పెట్టాను. ఏడ్చీ పరిగెత్తీ ఉన్నానేమో, "వేడిగా ఉండాదే" అంది అక్క.

"ఎంత దూరం జారినాడు?"

జానెడు చూపించాను. అక్క తన చేతి జాన తలుపు చెక్క మీద పరిచి, అంత దూరాన్ని చాలాసేపు చూసింది. అంతకు మించి అడగలేదు. దానికి నేనే చెప్పుకుంటానని మామ అన్నాడు కదా అని నేనూ మిగతాది చెప్పలేదు. చెప్పుకునే వీలు మామకి రానే లేదు. మర్నాడు పొద్దున బస్సుకి వెళ్ళిపోయాడు. బూట్లు అవ్వ ఇంట్లోనే వదిలేశాడు. ఆ తర్వాత ఒకరు బొంబాయిలో చూశామన్నారు, ఒకరు బంగారు గనుల్లో చూశామన్నారు. అవ్వ పోయినప్పుడు కూడా కబురు పంపడానికి చిరునామా లేకపోయింది.

అక్కకి వింజమూరు సంబంధమే చేశారు. అవ్వ ఆ బూటు కత్తి ఒకటి ఊడదీయించి, సాయిబుల చేత పీటకి బిగించి, నిజంగానే కత్తిపీట చేయించుకుంది. అక్క కాపురానికి పోయేటప్పుడు సారెలో దాన్ని కూడా పెట్టింది. ఎందుకు పెట్టావని ఎవరూ అడగలేదు. పదును బాగుందని అక్క అత్తగారు ఊరంతా మెచ్చుకునేదట. సిమ్లాలో దొర కాలి కింది కత్తి వింజమూరులో గుమ్మడికాయలు తరిగింది.

మేమిద్దరం ముసలివాళ్ళమయ్యాక, ఒకసారి అక్క వంటింట్లో కూర్చుని దొండకాయలు తరుగుతూ ఉంటే, ఇన్నేళ్ళకి నా గొంతులో ఉన్నది బయటపెట్టాను. మామ జారలేదే, నీళ్ళు చల్లేవాడే అని. అక్క చెయ్యి ఆపలేదు.

"నాకప్పుడే తెలుసులే. జారినోడైతే జారడం గురించి చెప్తాడు. మామ ఎప్పుడు చూసినా నీళ్ళ గురించే చెప్పేవాడు."

అక్క ఇంకో మాట కూడా అంది. "గడ్డ చెక్కుచెదరకుండా ఇంటికొచ్చినా, నాయన ఇంకోటి అడిగుండేవాడు. కాదని చెప్పకూడదు గదా, కాని పని అడిగినాడు." నాయన మీద కోపంగా అనలేదు. ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు అంది. మరి ఆ రోజు తలుపు తీసుకుని బయటికొచ్చి నాకు తెలుసు, అయినా నాకు ఈయనే కావాలి అని ఎందుకు అనలేదే అని అడగబోయి ఊరుకున్నాను. ఆ రోజుల్లో ఏ ఆడపిల్ల అంది కనుక?

నిరుడు అక్క పోయింది.

ఇవన్నీ తలుచుకుంటూ ఉండగానే యంత్రం మీద మనిషి నీళ్ళు చల్లడం ముగించి బయటికి వెళ్ళిపోయాడు. గేటు ఇంకా తియ్యలేదు. ఐసు మీద ఒక్క గీత లేదు. మనవరాలు వేయించిన పేలాల పొట్లంతో వచ్చి, ఏం కావాలి అమ్మమ్మా అని అడిగింది. నన్ను గట్టు దాకా నడిపించమన్నాను. అక్కడ గేటు కాసే పిల్ల వద్దనబోయింది గాని, నా వయసు చూసి ఊరుకుంది. మనవరాలు నడుం పట్టుకుంటే వంగి, అరచెయ్యి ఐసు మీద ఆనించాను. వేళ్ళు కొరికినట్టయింది. అయినా తియ్యలేదు. చాలు అమ్మమ్మా, చాలు అని అది గొణుగుతూనే ఉంది.

చెయ్యి బాగా మొద్దుబారాక తీశాను. వేడెక్కకముందే నా చెంపకి పెట్టుకున్నాను. మా ఇద్దరిదీ ఒకే మొఖం అనేవాళ్ళు కదా.

"ఇంత చల్లగా ఉండాదే అక్కా" అన్నాను.